ఎన్ని పాటలయ్యాయండీ?

కాలనీ సంగీత పాఠశాలలో శ్రుతి పెట్టెకన్నా ముందు మోగేది ఈ ప్రశ్న. అడిగేది తల్లి. గేటు దగ్గర స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే అడుగుతుంది. పాప చేరి రెండు నెలలైంది. ఎదురు ఫ్లాట్‌వాళ్ల పాపకి అప్పుడే అన్నమయ్యవి రెండు, రామదాసుది ఒకటి వచ్చేశాయి. రోజూ వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో వినపడుతున్నాయి. మన పాప ఇంకా సరళీ వరసల దగ్గరే తచ్చాడుతుంటే సంక్రాంతికి వచ్చే ఆడపడుచుల ముందు ఏం పాడిస్తాం? టీచరుగారికి ఆ తల్లి బాధ తెలుసు, పై నెల అద్దె సంగతీ తెలుసు. "అయిపోయాయమ్మా, సోమవారం నుంచి కీర్తనే" అంటుంది. ఇద్దరూ తృప్తిగా విడిపోతారు. పాపని ఎవరూ ఏమీ అడగరు.

ఆ వరసలు పెట్టినవాడు పురందరదాసని సంప్రదాయం. ఆయనకి పాపం అపార్ట్‌మెంటు గ్రూపు లేదు కాబట్టి తీరిగ్గా ఆలోచించి మాయామాళవగౌళ ఎంచుకున్నాడు. ఆ రాగంలో షడ్జమం నుంచి మధ్యమం దాకా స్వరాల మధ్య ఎంతెంత దూరాలున్నాయో, పంచమం నుంచి పై షడ్జమం దాకా అచ్చంగా అంతంతే ఉంటాయి. కింది సగం గొంతులో కుదురుకుంటే పై సగం దానంతటదే దారికొస్తుంది. మూడు కాలాల్లో పాడించడం కూడా చాదస్తమేమీ కాదు. మొదటి కాలంలో శ్రుతి బండారం బయటపడుతుంది, మూడో కాలంలో లయ బండారం. మన పాఠశాలకి చిక్కంతా ఈ బయటపడటంతోనే. పిల్లకి శ్రుతి నిలవడం లేదని తేలితే తల్లికి చెప్పాలి. చెబితే తల్లి పక్క వీధి టీచరు దగ్గరికి మారుస్తుంది. పక్క వీధిలో టీచరు ఎప్పుడూ ఉంటుంది.

ఎందుకు ఉంటుందో తెలియాలంటే విజయనగరం దాకా వెళ్లాలి. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి అధ్యక్షులు. ఇరవయ్యారేళ్ల ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వయొలిన్ విని విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆ ఒరవడిని మనవాళ్లు ఎంత శ్రద్ధగా నిలబెట్టారంటే, ఇవాళ విద్యార్థిగా చేరిన ప్రతి మనిషీ రెండేళ్లు తిరక్కుండానే ఆచార్యుడైపోతున్నాడు. తేడా అల్లా అప్పుడు దాసుగారి చెవి కావలసి వచ్చింది, ఇప్పుడు ఫ్లెక్సీ సరిపోతోంది. "గాత్రం, కీబోర్డ్, గిటార్, వేదిక్ మ్యాథ్స్" అని ఒకే ఫ్లెక్సీ మీద ఉంటుంది. నాలుగూ ఒకరే చెబుతారు.

ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్టుకి నాలుగేళ్లు, ఆపైన డిప్లొమాకి రెండేళ్లు. ఆరేళ్లు కూర్చుని గీతాలు, స్వరజతులు, వర్ణాలు దాటుకుంటూ వచ్చిన అమ్మాయి "మూడు నెలల్లో పదిహేను పాటలు" అని బోర్డు రాయలేదు. రాసేవాళ్ల దగ్గర పిల్లలు కిటకిటలాడుతుంటే తన చాప ఖాళీగా ఉంటుంది. ఆర్నెల్లు చూస్తుంది. తర్వాత ఆవిడా బోర్డు రాయిస్తుంది, "ఇరవై పాటలు" అని. ఆవిణ్ణి ఒక్కమాట అనడానికి నాకు నోరు రాదు. దసరాకి పదిరోజులు ఊరెళ్లాం కాబట్టి సగం ఫీజే ఇస్తామనే పెద్దమనుషులు ఆ కాలనీలోనే ఉన్నారు. కేబుల్‌వాడి దగ్గర, జిమ్ములో, కార్పొరేట్ స్కూల్లో నోరెత్తని బేరం సంగీతం టీచరు గుమ్మంలో మాత్రం ధారాళంగా సాగుతుంది. సరస్వతీ కటాక్షానికి వెల కట్టకూడదు కదా, అందుకని పూర్తిగా కట్టరు.

ఇక పాఠం. గంట క్లాసులో పదిహేనుమంది. హాజరు, నోటుపుస్తకాలు, మంచినీళ్లు, ఫోన్‌లో తంబూరా యాప్ తెరవడం, మధ్యలో అమ్మ ఫోన్ వస్తే యాప్ ఆగిపోవడం. అంతా పోగా ఒక్కో గొంతుకి దక్కేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ విడిగా ఎవరినీ పాడించరు, గుంపుగానే. గుంపులో ఉన్న సుఖం ఏమిటంటే ఎవరి తప్పూ ఎవరిదీ కాదు. ఎక్కువమంది ఆడపిల్లలు కాబట్టి శ్రుతి ఐదున్నర దగ్గర ఉంటుంది. పదమూడేళ్ల కుర్రాడు ఒకడు వెనక వరసలో కూర్చుంటాడు. వాడికి గొంతు మారుతోంది. వాడికి కావలసింది ఒకటో ఒకటిన్నరో శ్రుతి, రెండేళ్ల ఓపిక. దొరికేది మాత్రం కీచుమనడం, లేదా ఊరికే పెదాలు కదపడం. వాడు తెలివైనవాడు కాబట్టి పెదాలు కదుపుతాడు. ఏడాది చివర వాళ్ల నాన్నకి నివేదిక: "బాబుకి వాయిస్ లేదండీ, కీబోర్డ్‌లో వేద్దాం."

కీబోర్డులో వేస్తారు. కర్ణాటక సంగీతమే, కానీ కీబోర్డు మీద. తోడి రాగంలో గాంధారం ఊగాలి, ఆ ఊగడమే తోడి. మీట నొక్కే మామూలు పెట్టె మీద అది పరేడ్‌లో పోలీసులాగా నిటారుగా నిలబడుతుంది. గమకం ఎక్కడమ్మా అని ఎవరైనా చాదస్తపు తాతగారు అడిగితే, "అది అడ్వాన్స్‌డ్ లెవెల్‌లో ఉంటుందండీ" అని జవాబు. ఈ అడ్వాన్స్‌డ్ లెవెల్ అనేది మన సంగీత పాఠశాలల్లో మోక్షంలాంటిది. అందరూ నమ్ముతారు, వెళ్లొచ్చినవాడు లేడు.

సాహిత్యం సంగతి చూడాలి. తమిళ లిపిలో క, గ లకు వేర్వేరు అక్షరాలు లేవు కాబట్టి, తెలుగు కీర్తనలు అచ్చువేసేటప్పుడు అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేసుకుని మరీ పలుకుబడి నిలుపుకోవడానికి తంటాలు పడ్డారు అరవవారు. అయినా వాళ్ల ఉచ్చారణ మీద మనం మూడు తరాలుగా వెక్కిరింతలు విసురుతున్నాం. ఇప్పుడు మన పిల్ల నోటుబుక్కు తెరవండి. త్యాగరాజ కృతి అంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. పక్కన అంకెలు కూడా లేవు. ణ లేదు, ళ లేదు, ఏది దీర్ఘమో పిల్లకి తెలియదు. తెలుగు సెకండ్ లాంగ్వేజ్ కూడా కాదు, మార్కుల కోసం సంస్కృతం తీసుకుంది. తిరువయ్యారులో కూర్చుని ఆ మహానుభావుడు తెలుగులో రాశాడు, మాదాపూర్‌లో కూర్చుని మనం ఇంగ్లీషులో చదువుకుంటున్నాం. అర్థం అడగడం మర్యాద కాదు. రాముణ్ణి నిలదీసే చరణాన్ని పిల్ల బర్త్‌డే పాటలా నవ్వుతూ పాడుతుంది, వీడియోలో నవ్వుతూ కనబడాలని వాళ్లమ్మ సైగ చేస్తోంది మరి.

వీడియో అన్నాక వార్షికోత్సవం గురించి చెప్పాలి. అరవైమంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక్కో పల్లవి, వీలైతే చరణం. పట్టు పరికిణీలు, అద్దె మైకు, అద్దె వయొలిన్ మాస్టారు. ఆయన ఎవరు ఏ రాగంలో వచ్చినా, రాగం లేకుండా వచ్చినా వెంట వెళ్తారు. ఆ సాయంత్రం మొత్తంలో నిజంగా సంగీతం వచ్చినవారు ఆయన ఒక్కరే. హాలు నిండుగా మొదలవుతుంది. ఒక పాప దిగినప్పుడల్లా ఒక వరస ఖాళీ అవుతుంది, అమ్మా నాన్నా నాయనమ్మా పిన్నీ లేచిపోతారు. అక్షరక్రమంలో పేరు చివర వచ్చే పాప చివరికి కుర్చీలు మడతపెట్టే టెంటుహౌస్ కుర్రాళ్లకి పాడుతుంది.

పిల్లల్ని నడిమధ్యలో ఆపి ముఖ్య అతిథిగారిని మాట్లాడించడం ఆచారం. ఆయన కార్పొరేటరో, వెంచర్ల యజమానో అయి ఉంటారు. ఆయన ఘంటసాల గురించి చెబుతారు. పొట్ట చేతబట్టుకుని విజయనగరం వెళ్లి, జోలె పట్టి మధుకరం చేసుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాఠం నేర్చుకున్న ఘంటసాల. కథ నిజమే, గొప్పదే. కానీ దాన్ని ఏసీ హాల్లో చెప్పుకోవడంలో మనకో సౌకర్యం ఉంది. సంగీతానికి ఆకలి మంచిదని తీర్మానించేసుకుంటే టీచరు జీతం గురించి, ప్రభుత్వ కళాశాలల్లో ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న కుర్చీల గురించి మాట్లాడే పని తప్పుతుంది. ఉపన్యాసం అయ్యాక అతిథికి జ్ఞాపిక ఇస్తారు: అద్దాల పెట్టెలో జానెడు బొబ్బిలి వీణ. గొల్లపల్లి కళాకారులు పనసచెక్కలో ఏకాండీగా చెక్కే వీణకి ఇవాళ మనం ఇచ్చే గౌరవం ఇది. వాయించడానికి వీల్లేని సైజులో కొంటున్నాం. ఆ పాఠశాలలో వీణ బ్యాచ్ ఉందా అని అడక్కండి. వీణ పెట్టుకోవడానికి త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో చోటు లేదు.

నాదస్వరం మాటే లేదు. దీపం వెలిగించేటప్పుడు మంగళవాద్యం ఫోన్‌లోంచి వస్తుంది. కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా తమిళదేశంలో నాదస్వరానికి పెద్దదిక్కై, శ్రీరంగంలో స్థిరపడి అక్కడే ఆశ్రమం పెట్టి నేర్పారు. ఇక్కడ మన పెళ్లిళ్లలో ఆయన విద్యకి వారసులైనవాళ్లు భోజనాల వరసలో చివరి పంక్తికి ఎదురుచూస్తుంటారు. కాలనీలో ఏ తల్లీ "మా బాబుకి నాదస్వరం చెప్పిస్తామండీ" అనదు. సంగీతం దైవికం అని మనం అనేటప్పుడు ఏ సంగీతమో, ఎవరింటిదో చూసుకునే అంటాం.

పుష్య బహుళ పంచమి వస్తే కాలనీ కమ్యూనిటీ హాల్లో త్యాగరాజ ఆరాధన. బ్యానర్ మీద పెద్ద బొమ్మ ప్లాట్లు అమ్మే ఆయనది, చిన్న బొమ్మ త్యాగయ్యది. తన సొమ్ము ధారపోసి తిరువయ్యారులో ఆ సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ, ఆడవాళ్లని అక్కడ పాడనివ్వని రోజుల్లో పోట్లాడిన నాగరత్నమ్మ, బ్యానర్ మీద ఏ మూలా ఉండదు. ఆవిడ దేవదాసి. వేదిక మీద ముప్పైమంది ఆడవాళ్లు కూర్చుని పాడుతూనే ఉంటారు, తాము అక్కడెలా కూర్చోగలిగారో తెలియకుండా.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అని అయిదు పంచరత్నాలు. నాటలో అందరి గొంతులూ వినపడతాయి, గౌళలో సగం, ఆరభిలో ఫోన్లు చూసి చదివే గొణుగుడు. వరాళిని గురువు నేరుగా శిష్యుడికి నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం. మన టీచర్లు దాన్ని తు.చ. తప్పక పాటిస్తారు, యూట్యూబ్ లింకు పంపుతారు. అంత జాగ్రత్త అవసరమా అని నా అనుమానం. మన కాలనీల్లో గురుశిష్యులకి చెడటానికి వరాళి దాకా వెళ్లక్కర్లేదు, నెలకి రెండు వందలు పెంచితే చాలు.

ఇదంతా ఎనిమిదో తరగతి వరకే లెండి. ఎనిమిదిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. కాస్త గొంతు తెరుచుకుని, రాగం ఎక్కడ మలుపు తిరుగుతుందో చెవికి అంది, పిల్ల తనంతట తాను ఓ సంగతి వేసి ఆశ్చర్యపోయిన వారమే నాన్నగారు వచ్చి "కొన్నాళ్లు బ్రేక్ ఇద్దామండీ" అంటారు. ఆ బ్రేక్ సుమారు ఇరవై ఏళ్లు ఉంటుంది. తర్వాత ఆ పిల్ల డల్లాస్‌లో తేలి, తన కూతురికి సంగీతం చెప్పించాలని అదే టీచరుకి ఫోన్ చేస్తుంది. అందుకే తెల్లవారుజామున అయిదున్నరకి టీచరుగారి గదిలో దీపం వెలుగుతుంది. సాధకం చేసుకుంటోందని వాచ్‌మన్ దణ్ణం పెట్టుకుంటాడు. డల్లాస్ బ్యాచ్ అది. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి పాడితే ఒకరి గొంతు ఒకరికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి పిల్లని మ్యూట్‌లో పెట్టి పాడమంటారు. పిల్ల ఏం పాడిందో టీచరుకి వినపడదు. అయినా "గుడ్, వన్స్ మోర్" అంటుంది. ఫీజు డాలర్లలో వస్తుంది, టంచనుగా వస్తుంది. చెప్పొద్దూ, దసరా కోత కూడా ఉండదు.

ఇన్ని వేలమంది నేర్చుకుంటున్నారు, ఇందరు నేర్పుతున్నారు. మరి చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో, విశాఖ కళాభారతికో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రానికో ఒక సాయంత్రం ఊరికే కచేరీకి వెళ్లి చూడండి. టిక్కెట్టు కూడా ఉండకపోవచ్చు. పాడే మనిషి రెండు దశాబ్దాలు సాధన చేసి ఉంటుంది. ముందు వరసలో నిర్వాహకులు, రెండో వరసలో మృదంగం ఆయన బావమరిది కుటుంబం, వెనక ఫ్యాను కింద ముగ్గురు రిటైరైన పెద్దలు. పాడటానికి చెవి కావాలని మనం ఏ పాఠశాలలోనూ చెప్పలేదు, ఫీజు పట్టీలో ఆ గడి లేదు. కల్యాణి ఆలాపన నడుస్తుండగా బయటికొచ్చి ఒకాయన మన టీచరుగారికి ఫోన్ చేశాడు. ఆయన మనవరాలు ఈవిడ దగ్గరే నేర్చుకుంటోంది.

"మేడమ్, అద్భుతంగా పాడుతోందండీ. హాలంతా ఖాళీ. మీ పిల్లలందర్నీ తీసుకురండి, ఇంకా గంటన్నర ఉంది."

"అయ్యో, ఇప్పుడు క్లాసుందండీ అంకుల్, యాన్యువల్ డేకి ఇంకా నాలుగు పాటలవ్వాలి. ఓ రెండు నిమిషాలు రికార్డ్ చేసి గ్రూపులో పెట్టండి. పిల్లలు లైక్ కొడతారు."