నాలుగున్నర మహానుభావులు

దుబాయిలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి తెల్లారకముందే ఫోటోలు వచ్చి పడతాయి. కైట్ బీచ్ ట్రాక్, వెనకాల బుర్జ్ అల్ అరబ్, తడిసి ముద్దయిన టీషర్టు, పక్కన కిలోమీటర్ల లెక్క. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కింద రాసే రెండు ముక్కలతోనే. లోకం గురకపెడుతుంటే తాము లేచామని, గెలిచేవాళ్లు ఇలాగే లేస్తారని ఉపదేశం. రాబిన్ శర్మ 2018లో అయిదు గంటల క్లబ్బు పుస్తకం వేశాక ఈ మతానికి గ్రంథం కూడా దొరికింది. మనవాళ్లు దానికి బ్రాహ్మీ ముహూర్తాన్ని జోడించారు. ఆ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. దుబాయిలో సూర్యుడు జూన్‌లో దాదాపు అయిదున్నరకి, జనవరిలో ఏడు దాటాక వస్తాడు. ఏడాది పొడవునా నాలుగున్నరకే అలారం పెట్టుకుంటే జూన్‌లో బూట్ల లేసులు కట్టుకునేలోపు ముహూర్తం దాటిపోతుంది, జనవరిలో ఇంకో గంట పడుకోవచ్చు.

ఎండ భయానికి లేస్తున్నాం, అందులో తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు, అసలు కారణం అదే. కాకపోతే భయానికి చేసే పనికి పట్టుదల అని పేరు పెట్టడమే చిత్రం. పైగా ఆ భయం నుంచీ పూర్తిగా తప్పించుకోలేరు. ఆగస్టులో తెల్లవారుజామున కూడా వేడి 30 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. సముద్రం ఒడ్డున గాలిలో తేమ శాతం ఎక్కువగా పెరిగేదీ ఆ వేళకే. తేమ గాలిలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఒంటి వేడి రోజు మొత్తంలో బాగా తగ్గి, కండరాలు బిగుసుకుని ఉండేదీ ఇంచుమించు అప్పుడే. శరీరం చురుగ్గా ఉండేది సాయంత్రం పూట. సరే, వేసవిలో గతి లేదనుకుందాం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం ఆరింటికి కూడా హాయిగా ఇరవై చిల్లర డిగ్రీలే కదా, అప్పుడూ నాలుగున్నరే ఎందుకు? సాయంత్రం పరిగెత్తేవాడి ఫోటోకి ఎవరూ దండం పెట్టరు కనక.

ఆఫీసు, పిల్లలు, షార్జా నుంచి దుబాయి దాకా ట్రాఫిక్, వేరే టైమెక్కడిది అన్నది మాత్రం నిజమైన మాట, ఒప్పుకోవాల్సిందే. అయితే అది టైమ్‌టేబుల్ ఇబ్బంది, గుణగణాలకు దానితో పని లేదు. తెల్లవారకుండా లేవడమే మనిషిని పైకి తెస్తుందంటే, ఎమిరేట్స్‌లో అందరికంటే పైనుండాల్సినవాళ్లు సోనాపూర్, అల్ ఖూజ్ క్యాంపుల్లో ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్లల నుంచి వెళ్లిన కార్మికులు చీకట్లోనే టిఫిన్ డబ్బాలతో కంపెనీ బస్సు కోసం వరసలో నిలబడతారు. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది కనక, ఆ నెలల్లో పని పొద్దున్నే మొదలుపెట్టక తప్పదు. వాళ్లు పొద్దున్నే లేచేది తమ ఇష్టం మీద కాదు. అందుకే కాబోలు, అది ఏ వ్యక్తిత్వ వికాస పుస్తకానికీ ఎక్కలేదు. ఒకే చీకటి కొందరికి క్రమశిక్షణ, మరికొందరికి డ్యూటీ.

దుబాయ్ రన్ చూడండి, లక్షలమంది తెల్లారీ తెల్లారకముందే షేక్ జాయెద్ రోడ్డెక్కుతారుగా అంటారు. 2024లో 2,78,000 మంది వచ్చారు. వాళ్లు ఆ వేళకి వచ్చింది నిర్వాహకులు ఆరున్నరకి మొదలుపెట్టారు కనక. అదే దుబాయి 2025 ఆగస్టులో మాల్‌థాన్ పెట్టి, పొద్దున ఏడు నుంచి పది దాకా పెద్ద పెద్ద మాల్స్‌ను నడిచేవాళ్లకీ పరిగెత్తేవాళ్లకీ వదిలింది. ఊరు ఊరే ఎండకి తలవంచి ఏసీ కిందికి చేరింది, పరువేమీ పోలేదు. అక్కడ ఏడున్నరకి పరిగెత్తిన వాడి గుండెకి దక్కిన మేలు నాలుగున్నర వాడి కంటే తక్కువని చెప్పగల డాక్టరుగారు ఎవరైనా ఉంటే, ఆయన్నీ గ్రూపులో చేర్చుకోండి.