సాంచల షెడ్డు నుంచి చేపల తొట్టెకు

నేను నాలుగడుగుల ట్యూబులైటును. గాజు గొట్టం, అందులో రవ్వంత పాదరసం, లోపలి గోడకు తెల్లటి పొడి పూత. ఇంతే నా ఒళ్లు. కరెంటు పారితే పాదరసపు ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు విడుస్తుంది. వాటిని వెలుగుగా మార్చేది, ఆ వెలుగు రంగు తేల్చేది పొడే.

నా మొదటి కొలువు గంభీరావుపేటలో, సాంచల (మరమగ్గాల) షెడ్డులో. పోగు తెగితే కార్మికుడికి కనబడాలి, అదే నా పని. మనిషి కన్ను పసుపు కలిసిన పచ్చటి వెలుగును బాగా పసిగడుతుంది. అది నా దగ్గర దండిగా ఉంది కాబట్టి నాకు మంచి పేరే వచ్చింది.

తర్వాత షెడ్డు ఆసామి నన్ను ఇంటికి తెచ్చి చేపల తొట్టె మీద బిగించాడు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నీళ్లు సుమారు 150 లీటర్లు. ఎగువ మానేరు కాలువలోని హైడ్రిల్లా, దుకాణంలో కొన్న వాలిస్నేరియా నాటాడు. కొన్నాళ్లకే కాడలు సన్నగా పైకి సాగాయి, కింది ఆకులు రాలాయి.

"గింత వెలుగుంది గద తమ్మీ, గిట్లెందుకైతుంది?" అని ఎలక్ట్రీషియన్‌ను అడిగాడు.

"నీ కండ్లకున్నదన్నా, ఆకుకు లేదు."

ఆకు ఎక్కువగా పీల్చుకునేవి నీలం, ఎరుపు. నా దగ్గర ఎరుపు తక్కువ. నా ఒంటి మీద 765 అని ఉంటుంది. కొత్తగా నా పక్కకు వచ్చిన తమ్ముడిది 865. ఇద్దరివీ 36 వాట్లే, 65 అంటే ఇద్దరికీ 6500 కెల్విన్ల పగటి తెలుపే. ముందున్న 8 మాత్రం రంగులు మరింత సహజంగా కనిపిస్తాయని చెబుతుంది. వాడి పూతలో నీలం, పచ్చ, ఎరుపు ఇచ్చే పొడులు వేర్వేరుగా ఉంటాయి. ఇద్దరం కలిస్తే లీటరుకు దాదాపు అర వాటు. ఈ మొక్కలకు అది చాలు.

దుకాణంలో 54 వాట్ల సన్నటి టీ5 కూడా చూపించారట. కార్బన్ డయాక్సైడ్ అందించకుండా అంత వెలుగు పెడితే బాగుపడేది పాచే. రోజుకు ఎనిమిది గంటల వెలుగు చాలని చెప్పినా ఆసామి వినక రాత్రి దాకా వెలిగించాడు. అద్దమంతా పచ్చబడ్డాకే టైమరు వచ్చింది. మా వెనక తెల్లరంగు రేకు బిగించాక, పైకి పోయే వెలుగు కూడా నీళ్లలోకి దిగింది.

ఇప్పుడు నా కొసలు నల్లబడ్డాయి. పూత సత్తువ తగ్గింది. ఇంట్లో వాళ్లకు నేను ఇంకా బాగానే వెలుగుతున్నట్టు ఉంది. వాలిస్నేరియాకు మాత్రం తేడా ముందే తెలిసింది, కొత్త ఆకు వేయడం మానేసింది. ఇద్దరినీ ఒకేసారి మారిస్తే మొక్కలు తట్టుకోవని ముందు నన్నే దింపుతున్నారు.

2027 తర్వాత మా జాతి తయారీ ఆపాలని పాదరసాన్ని అరికట్టే మినమాటా ఒప్పంద దేశాలు 2023లో తీర్మానించాయి. ఇక రాబోయేది ఎల్‌ఈడీ. దాన్నీ కంటికి నచ్చిందని కొనకండి, ఎరుపు ఎంతుందో అడగండి. నన్ను మాత్రం పగలగొట్టి కుప్పలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. నా పాదరసం మానేరులో కలిస్తే చేపల ఒంట్లోకి, అక్కడి నుంచి మీ పళ్లెంలోకి వస్తుంది.