మాస్కు తియ్, ఫొటో!

హైదరాబాద్ బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఏడెకరాల్లో గాజు టవర్లు ధగధగలాడుతుంటాయి. 2022 ఆగస్టు 4న నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించిన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ అది. ఊళ్లోని సీసీ కెమెరాల చూపులన్నీ అక్కడికే చేరతాయి.

ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1791లో అచ్చువేయించిన జైలు నమూనాలోనూ నడుమ ఇలాంటి బురుజే ఉంటుంది. కాపలావాడు చూస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో ఖైదీకి తెలియదు. పాపం, ఆ జైలు కట్టే యోగం ఆయనకు పట్టలేదు.

ఇక మన ఊరి సంగతికొస్తే, 2021 మేలో కరోనా లాక్‌డౌన్. మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. అప్పుడే సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను దారిలో ఆపిన పోలీసులు మాస్కు తియ్యమన్నారట, ఫొటో కోసం! తియ్యనన్నా వదల్లేదు, మాస్కుతోనే క్లిక్కుమనిపించారట. ఏ చట్టం కింద ఇలా ముఖాలు పోల్చి మనుషుల్ని గుర్తుపట్టే సాంకేతికత వాడుతున్నారని ఆయన హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లోనే తేల్చింది లెండి. తీర్పుకు ముఖం లేదు కాబోలు, కెమెరా గుర్తుపట్టలేదు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర హెల్మెట్ తీసిన కుర్రాడొకడు స్తంభం మీది కెమెరాను చూసి, ఎందుకైనా మంచిదని జుట్టు సర్దుకున్నాడు.