పదహారు ఆంపియర్ల బతుకు

నన్ను ఎస్‌ఎంపీఎస్ అంటారు. కంప్యూటర్ డబ్బా వెనకవైపు పైమూలన కూర్చుని వేడిగాలిని బయటికి తోసే ఇనుప పెట్టెను నేను. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా విడగొట్టి లోపలున్న అందరికీ పంచడం నా పని. కంప్యూటర్ కొన్న ఇంటికి చుట్టాలొస్తే ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, కార్డు ఏది అని అడుగుతారు. నన్ను అడిగినవాళ్లు లేరు.

నేను హాలియాకు వచ్చింది 2015లో. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తాగా చేసే తండ్రి, పెద్దకొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడని కంప్యూటర్ కొన్నాడు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీ 730 కార్డు. నన్ను విడిగా ఎవరూ ఎంచలేదు. బిల్లు మీద "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒక్క వరుస, ఒక్క ధర. డబ్బాతో పాటు వచ్చాను.

నా ఒంటిమీద ఒక చీటీ అంటించి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు లెక్క: 3.3 వోల్టుల దగ్గర 22 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 30, 12 వోల్టుల దగ్గర 16. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 12ను 16తో గుణించండి, 192. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ బతికేది ఈ 12 వోల్టుల మీదే. 2000లో పెంటియం 4 వచ్చినప్పటి నుంచి బరువంతా అటే జరిగింది. నా 5 వోల్టుల దగ్గర ఎంత మిగిలినా కార్డుకు చుక్క అందదు. సాగర్ ఎడమ కాలువ కింది రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాలువ తల దగ్గర 11,000 క్యూసెక్కులు అని రాసి ఉంటుంది. తన తూములోకి ఎంత పారిందన్నదే ఆయనకు లెక్క.

ఏడేళ్లు నెట్టుకొచ్చాను. జీటీ 730 కొద్దిగా తినే కార్డు, 50 వాట్లు దాటదు. దానికి విడిగా వైరు కూడా అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే సరిపెట్టుకునేది. పెద్దోడు ఉద్యోగానికి హైదరాబాద్ పోయాడు. కంప్యూటర్ చిన్నోడిదైంది.

2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం పద్ధతి మారింది. గ్రాఫిక్స్ కార్డులతో ఆ నాణేన్ని తవ్వడం ఆ రోజుతో ఆగిపోయింది. ప్రపంచమంతటా మైనింగ్‌కు వాడిన కార్డులు సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే అందరూ సీటీసీ అనేదానికి, మన చిన్నోడు డిసెంబరులో పోయి జీటీఎక్స్ 1060 తెచ్చుకున్నాడు. జిరాక్స్ షాపులో సాయంత్రాలు కూర్చుని కూడబెట్టిన డబ్బు అది. ఆ రాత్రి డబ్బా తలుపు తీసి కార్డును రెండు చేతులతో పట్టుకుని స్లాటులో కూర్చోబెట్టాడు. చంటిపిల్లను తొట్లో పడుకోబెట్టినట్టు పెట్టాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను.

ఆ కార్డు 120 వాట్లు అడుగుతుంది. స్లాటు 75 ఇస్తుంది, మిగతాదానికి ఆరు పిన్నుల వైరు కావాలి. అది నాకు లేదు. నా తరంలో అగ్గువ పెట్టెలకు ఉండేది కాదు. హార్డ్ డిస్కుల కోసం నాకున్న నాలుగు పిన్నుల వైర్లలో రెంటిని కలిపి ఆరు పిన్నులు చేసే కన్వర్టర్ ఒకటి తెచ్చి తగిలించాడు. అది తగిలించిన క్షణమే నాకు భయం పట్టుకుంది. ప్రాసెసర్ నిండుగా పనిచేస్తే 84, కార్డు 120, డిస్కూ ఫ్యాన్లూ కలిసి ఓ పది పదిహేను. నా దగ్గరున్నది 192. అదీ కొత్తగా ఉన్నప్పటి మాట.

జీటీఏ 5 అనే గేమ్ పెట్టాడు. పది నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. కారు ఊరి నడిబొడ్డులోకి వచ్చింది. తెర నల్లబడింది, స్పీకర్లో ఒకే శబ్దం గీ అని పట్టేసింది, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ లేచింది. ఇంకోసారి ఆడాడు, అంతే. కొన్నిసార్లు గేమ్ ఒక్కటే మూసుకుపోయేది. వాడి మొహం చూడలేకపోయాను.

అప్పటినుంచి రెండు వారాలు వాడు చేయని పని లేదు. డీడీయూ అనే ప్రోగ్రాంతో సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తీసేసి కొత్తది వేశాడు. కార్డు మారినప్పుడు మొదట చేయాల్సింది అదే, తప్పు పట్టను. ర్యామ్ తీసి పిన్నులను రబ్బరుతో రుద్దాడు. వేడి చూశాడు, కార్డు 70 డిగ్రీలు దాటలేదు. విండోస్ మళ్లీ వేశాడు. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని వరసగా ఎర్ర గుర్తులు. దాని అర్థం ఒక్కటే: సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను అని కంప్యూటర్ లేచాక చెప్పుకుంటోంది. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. ఆ మధ్యలో డిస్‌ప్లే 4101 కూడా కనిపించేది. కార్డు రెండు సెకన్ల పాటు పలకకపోతే విండోస్ డ్రైవర్‌ను తట్టి లేపుతుంది. ఆ ముచ్చటే 4101. ఇది చూసేసరికి అందరూ ఒకటే అన్నారు: "మైనింగ్ కార్డు అంటగట్టిన్రు నీకు." ఊళ్లో రిపేరు చేసే ఆయనా అదే చెప్పాడు. సగం ధరకైనా అమ్మేద్దామని చిన్నోడు ఫొటోలు తీసి పెట్టుకున్నాడు.

నా గోడు చెప్పుకోవడానికి నాకున్నది ఒక్క వైరు, బూడిదరంగుది. నేనిచ్చే వోల్టులు సరిగా ఉన్నంతసేపు దాంట్లో 5 వోల్టులు ఉంచుతాను. అంతా బాగుందని మదర్‌బోర్డుకు చెప్పడం అది. మోయలేకపోతే దాన్ని దించేస్తాను, మదర్‌బోర్డు వెంటనే అన్నీ ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో అన్నిసార్లు నేను ఆ వైరు దించాను. కార్డు ఏ తప్పూ చేయలేదు. ఎక్కడో రాత్రింబవళ్లు కష్టపడి వచ్చి, ఇక్కడ అడుగుపెట్టిన రోజునుంచే నా నింద మోసింది.

పైగా నా లోపలి కెపాసిటర్లకు ఏడేళ్లు. పది డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందంటారు, హాలియా మే నెలలు ఏడు దాటాను నేను. కార్డు కూడా 120 వాట్లను నిదానంగా తీసుకోదు. తెర మీద పేలుడో మంటో వస్తే సెకనులో వెయ్యో వంతు సేపు దానికి మించి లాగుతుంది. అలిసిన కెపాసిటర్ ఆ ఒక్క గుక్క అందించలేదు. దానికి తోడు అవి యాసంగి నాట్ల రోజులు. పొలాల మోటార్లన్నీ ఎత్తుకున్న వేళ గోడలోనే వోల్టేజీ తగ్గేది. అది తగ్గితే నేను ఇంకా ఎక్కువ కరెంటు లాగి ఇంకా వేడెక్కాలి.

దారి చూపింది ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం. అందులో కార్డు తినే కరెంటుకు పరిమితి పెట్టే గీత ఒకటుంది. విసిగిపోయి చిన్నోడు దాన్ని 60 శాతానికి దించాడు. అంటే 72 వాట్లు. గేమ్ రెండున్నర గంటలు ఆగకుండా నడిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడికి మాత్రం ఎందుకు నడిచిందో అర్థం కాలేదు. మర్నాడు మోటార్ వైండింగ్ షాపు నడిపే చిన్నాయన దగ్గర మాటల్లో ఈ సంగతి అన్నాడు.

"లోడు తగ్గిస్తే నడుస్తుందా?" అన్నాడు చిన్నాయన, చేతిలో రాగితీగ పక్కన పెట్టి. "మరి మోటరు మంచిగనే ఉన్నట్టు గదరా. లైను సూసినవా?"

"సూడలే చిన్నాయనా."

సాయంత్రం మల్టీమీటర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఖాళీగా ఉన్న నా నాలుగు పిన్నుల వైరులో పసుపుకు ఎర్ర సూది, నలుపుకు నల్ల సూది గుచ్చాడు. 12.04. గేమ్ తెరిచారు, 11.71. పరిమితి గీత మళ్లీ వందకు జరిపి కారును ఊళ్లోకి తోలారు. 11.48. 11.36. కిందికి 11.4 వరకే ఒప్పుకుంటారు. తెర నల్లబడింది. చిన్నాయన కన్వర్టర్ జాయింటు పట్టుకుని చూసి చటుక్కున వేళ్లు తీసేశాడు. అది కాలుతోంది.

"కార్డు అమ్మకు. దీన్ని మార్చు," అన్నాడు. దీన్ని అంటే నన్ను.

బాధపడలేదు. రెండు వారాల్లో నా చీటీ మీది కింది వరుసను వేలు పెట్టి చదివిన మొదటి మనిషి ఆయన.

కొత్తది 550 వాట్లది వచ్చింది. దాని 12 వోల్టుల దగ్గరే 42 ఆంపియర్లు, అంటే 504 వాట్లు. కార్డుకు నేరుగా వెళ్లే వైరు ఉంది. 2004లో మొదలైన 80 ప్లస్ పరీక్షలో బ్రాంజ్ తెచ్చుకున్నది. అదే కార్డు, అదే డ్రైవర్, అదే గేమ్. ఆ రాత్రి తెల్లవారుజాము దాకా ఒక్కసారీ ఆగలేదని చిన్నోడు చిన్నాయన షాపుకొచ్చి చెబితే విన్నాను.

కార్డు మార్చబోయే పిల్లలకు నా మాట ఒకటి. కొత్త కార్డు ధర చూసే ముందు మీ డబ్బా తలుపు తీయండి. నాలాంటి పెట్టె మీది చీటీలో పెద్ద అంకెను వదిలేసి 12 వోల్టుల ఎదురుగా ఉన్న ఆంపియర్లు చదవండి, పన్నెండుతో గుణించండి. ప్రాసెసర్, కార్డు కలిపి అడిగేదానికి పైన బాగా మిగిలి ఉండాలి. చాలకపోతే ముందు ఈ పెట్టె మార్చండి, కార్డు తర్వాత. కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అవుతుంటే కార్డును తిట్టే ముందు కరెంటు సంగతి చూడండి. ఒకటి మాత్రం చేయకండి: మమ్మల్ని విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా ఉంటాయి, ప్లగ్గు పీకినా కాసేపు పోవు.

నేనిప్పుడు చిన్నాయన షాపులో గోడ అరమీద ఉన్నాను. నా ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న రాగితీగ వేసి కలిపాడు, మదర్‌బోర్డు లేకున్నా నడుస్తున్నాను. వైండింగ్ బల్ల మీద 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ, సోల్డరింగ్ పొగ తోయడానికి ఒక చిన్న ఫ్యాను. రెండూ కలిసి రెండు ఆంపియర్లు తీసుకోవు. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా ఆగలేదు.