అటక మీది ఆవర్జా

నేను చీరాలలో ఒక బట్టల కొట్టు ఆవర్జాని. ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీకి పసుపూ కుంకుమా. చిట్టా నాకు అన్న. ఏ పూట బేరం ఆ పూట ఆయనలో పడేది. గుమాస్తాగారు అందులోంచి ఒక్కో పద్దూ తీసి, నాలో ఎవరిది వారి ఖాతాకి ఎక్కించేవారు. అరువుకి చీరలు పట్టుకెళ్తే ఆ మనిషి ఖాతాలో ఖర్చు, అమ్మకాల ఖాతాలో జమ. ఏ పద్దయినా రెండు చోట్ల పడాల్సిందే. వెనిస్ వర్తకులు ఇలాగే రాసుకునేవారని లూకా పాచ్చోలీ అనే క్రైస్తవ సన్యాసి 1494లోనే పుస్తకం అచ్చువేసి చెప్పాడు. మా వంశం అంత పాతది.

నెలాఖరుకి ఖర్చు, జమ మొత్తాలు సరిచూసే అంకణా కలవకపోతే గుమాస్తాగారికి అన్నం సయించేది కాదు. రూపాయి తేడా వచ్చినా రాత్రిదాకా వెతికేవారు. ఆ చేతిరాత నాకు ఇప్పటికీ గర్వమే.

రాసి, కలిపి చూసుకునే ఈ బుక్ కీపింగ్ అక్కడితో సరి. మార్చి 31 దాటాక ఆడిటరుగారు నన్ను ముందేసుకుని కూర్చునేవారు. ఒక ఏడు జనవరిలో గోడౌనుకి ఏడాది అద్దె 12,000 ముందే కట్టారు. గుమాస్తాగారు అంతా ఖర్చు రాశారు. డబ్బు పోయింది గనక రాత సరైనదే.

“ఇందులో ఈ ఏటిది ఎంతండీ?” అన్నారు ఆడిటరుగారు.

మూడు నెలలకి 3,000 ఖర్చులో ఉంచి, 9,000 ఆస్తి వైపు చేర్చారు. 400 పెట్టి కొన్న పాత రకం చీరలు 250కి మించి పోవని తెలిసి, సరుకు నిల్వలో 250కే విలువ కట్టారు. అంకెలకి అర్థం చెప్పే ఆ పనే అకౌంటింగ్. కానీ ఆయన ప్రతి ప్రశ్నకీ జవాబు వెతికింది నా పేజీల్లోనే.

యజమాని మీద నాకు కోపం ఉంది. ఇంట్లో పెళ్లి ఖర్చుని కొట్టు ఖర్చుల్లో రాయించాడు. అంకణా చక్కగా కలిసింది! తప్పు ఖాతాలో పడినా రెండు వైపులా సమానంగా పడితే అంకణాకి తెలియదు. ఆ ఏడు కొట్టు లాభం తక్కువగా తేలింది, అది నిజం కాదు.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. చిట్టాలో కొడితే ఆవర్జాకి తనే ఎక్కించుకుంటుంది. నన్ను అటకెక్కించారు. కప్పు కారి అట్ట ఉబ్బింది, చెదలు అంచులు తినేశాయి. కింద అన్నదమ్ములు వాటాలకి కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన మొదట్లో తెచ్చిన డబ్బు పెట్టుబడా, అప్పా అని నెలల తరబడి తగువు. కంప్యూటర్‌లో అంత పాత లెక్క లేదు. అది పెట్టుబడి ఖాతాలో జమ పడింది, తేదీతో సహా నా 83వ పేజీలో ఉంది. పాత పుస్తకాలు తెమ్మని ఆడిటరుగారు రెండుసార్లు అడిగారు. “అవెప్పుడో పోయాయండీ” అన్నారు అన్నదమ్ములు. ఒక్కరూ నిచ్చెన వేసి చూడలేదు.