బెల్టు ముక్క వైద్యం

గోదావరిఖనిలో దేనికి కరువున్నా రబ్బరుకు లేదు. బాయిలో బొగ్గు మోసి అరిగిన కన్వేయర్ బెల్టు తుక్కు కొట్టుకు చేరుతుంది. అక్కడ ముక్కలై, టాటా ఏస్ ఇంజిన్ కింద మౌంటింగ్‌గా మళ్లీ పుడుతుంది. "కంపెనీ మౌంటింగ్ ఎందుకన్నా, పైసలు దండుగ. బెల్టు ముక్క పెట్టి గుంజి బిగిస్త. నీ బండి పోయినా ఇది పోదు" అంటాడు మెకానిక్. ఆఖరి మాట అక్షరాలా నిజం. ముక్క పోదు, బండే పోతుంది.

టన్నుల బొగ్గు మోస్తూ సాగకుండా ఉండటం బెల్టు ఉద్యోగం. అందుకే దాని లోపల నైలాన్ గుడ్డ పొరలు. మౌంటింగ్ రబ్బరుది పూర్తిగా వేరే నౌకరీ: ఇంజిన్ ఊగితే తాను నలిగి, ఆ ఊపు ఛాసిస్‌కు చేరకుండా మింగాలి. 1931లో అమెరికాలో క్రిస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను రబ్బరు మీద స్వేచ్ఛగా ఊగనిచ్చారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ పద్ధతి హక్కులు కొనుక్కుని, ఇంజిన్ తేలుతోందన్నట్టు కారు ముందు హంస బొమ్మ పెట్టుకుంది. మనం ఆ హంసను పట్టుకొచ్చి నాలుగు బోల్టులతో బిగించాం.

లెక్క మరీ కష్టమైంది కాదు. రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌కు సెకనుకు ఇన్నిసార్లని ఒక సొంత ఊపు ఉంటుంది. ఇంజిన్ దెబ్బలు ఆ ఊపుకు 1.4 రెట్లు దాటితేనే రబ్బరు పని మొదలవుతుంది. ఏస్‌లోని 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుంటే సెకనుకు 15 దెబ్బలు. కాబట్టి సొంత ఊపు 10 దాటకూడదు. బెల్టు ముక్క గట్టిదనంతో అది 15కు ఎక్కిందా, దెబ్బా ఊపూ ఒకే తాళంలో పడి స్టీరింగు, అద్దాలు, డ్రైవరు పళ్లు కలిసి భజన చేస్తాయి. ఓపెన్‌కాస్ట్ పేలుళ్ల పక్కన బతికే మనకు ఇది కొత్తా? పేలుళ్ల అదురుకు గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో ఇళ్ల దగ్గర పెట్టిన హద్దులూ సెకనుకు ఎన్నిసార్లు అదిరిందన్నదాన్ని బట్టే మారుతాయి: 8 సార్లలోపు అదిరితే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు, 25 సార్లు దాటితే 15.

ఇక పరీక్ష చూడాలి. మెకానిక్ యాక్సిలరేటర్ తొక్కి "వణుకుతుందా చెప్పు" అంటాడు. అంత ఎక్కువ చుట్ల మీద చెడ్డ మౌంటింగూ మంచి పేరు తెచ్చుకుంటుంది. కాలు తీయగానే వణుకు తిరిగొస్తే దానికీ మందుంది: ఐడిల్ పెంచుతాడు. డీజిల్ ఓనరు పోయించుకుంటాడు.

వణుకు ఇంజిన్‌లోనే పుడుతోందేమో, ఇంజెక్టర్ సరిగా కొడుతుందా, ఒక సిలిండర్ పడుకుందా అని అడిగేవాడు లేడు. నెల తిరక్కుండా సైలెన్సర్ బ్రాకెట్ విరుగుతుంది. "అది వేరే ప్రాబ్లమ్ అన్నా" అంటాడు మెకానిక్. వెల్డింగ్ షాపు పక్కనే ఉంది.