వీరంగానికీ హోదా కావాలి

తెలుగులో ఒక మనిషి ఒళ్లు తెలియని ఆవేశంతో ఊగిపోతే, దానికి పేరు పెట్టేముందు ఆయన ఎవరో కనుక్కోవాలి.

మందు కొట్టి నడిరోడ్డు మీద గంతులేస్తే మర్నాటి పేపర్లో అది ‘మందుబాబు వీరంగం’. నాయకుడు మైకు ముందు అంతకంటే గట్టిగా అరిస్తే ‘నిప్పులు చెరిగారు’. హైకోర్టయితే ‘ఆగ్రహం వ్యక్తం చేసింది’. బ్యాటర్ బౌలర్ల మీద పడితే ‘వీరవిహారం’, ఏనుగులు అరటితోట మీద పడితే ‘బీభత్సం’. కొత్తల్లుడు కంచం తోసేస్తే ‘అలిగాడు’, బతిమాలుకుంటారు. అదే కంచం అయిదేళ్ల మనవడు తోసేస్తే ‘మారాం’, వీపు విమానం మోత.

మా ఆఫీసులో శివాలెత్తే హక్కు మేనేజరుగారిది. గుమస్తాలం మేమేం చేసినా అది ‘సణుగుడే’. పోనీ ఇంట్లోనైనా రౌద్రం ప్రదర్శిద్దామని మొన్న గిన్నె విసిరాను. మా ఆవిడ ఫోన్లో వాళ్లమ్మతో, “ఏం లేదమ్మా, ఆకలేసినట్టుంది, చిర్రుబుర్రులాడుతున్నారు” అంది.

శివాలెత్తే ఈ విద్యకి మూలపురుషుడు వీరభద్రుడు. దక్షయజ్ఞంలో సతీదేవి ప్రాణాలు విడిచిందని విని శివుడు జట పెరికి నేలకు కొడితే పుట్టినవాడు. భాగవతంలో ఆయన చేసిన పని చూడండి. నిండుసభలో శివుణ్ణి తిడుతుంటే మీసం చూపిస్తూ నవ్విన భృగువుకి మీసం ఊడింది. కనుసైగ చేసిన భగుడికి కళ్లు పోయాయి. పళ్లికిలించిన పూషుడికి పళ్లు రాలాయి. తిట్టిన దక్షుడికి తలే తెగింది. అంత ఉగ్రంలోనూ ఎవరి బాకీ వాళ్లకే చెల్లించాడు!

మనది అలా కాదు. అత్తమీద కోపం దుత్తమీద. పైవాడి మీద ఎత్తాల్సిన శివం మెట్టుమెట్టూ దిగి చివరికి వంటింటి గిన్నె దగ్గర తేలుతుంది.

అంతా అయ్యాక కూడా వీరభద్రుడి కోపం చల్లారలేదట. కోనసీమ మురమళ్ల స్థలపురాణం ప్రకారం, భద్రకాళి కన్యరూపంలో ఎదురైతేగాని శాంతించలేదు. మునులు ఇద్దరికీ పెళ్లి చేసేశారు. ఒక్క పెళ్లి సరిపోదనుకున్నారో ఏమో, అక్కడ వీరేశ్వరస్వామిగా కొలువైన ఆయనకి ఇప్పటికీ నిత్యకల్యాణమే. పెళ్లికాని వాళ్లు తమకు సంబంధం కుదరాలని ఆ కల్యాణం చేయిస్తారు. కోపానికి పెళ్లి మందని మునులు ఎలా తేల్చారోగాని, వాళ్లు బ్రహ్మచారులై ఉంటారని నా అనుమానం.

కనుక శివాలెత్తే సోదరులకు ఒక మనవి. ఎత్తండి, కాదనను. కానీ ఎవరి మీద ఎత్తాలో వీరభద్రుడిలా చూసుకుని ఎత్తండి. అంత ధైర్యం లేదంటారా, ఒక గ్లాసు మజ్జిగ తాగి పడుకోండి. దుత్తలు ఊరికే రావడం లేదు.